లేక్ వ్యూ గదికి ఎనిమిది వందలు ఎక్కువ

కైకలూరులో మేము దిగిన లాడ్జీ పేరు రాయను. రాస్తే మావారి కోపం చల్లారుతుందేమో కానీ, ఆ రిసెప్షన్ కుర్రాడి ఉద్యోగం పోతుందని నాన్న వారించారు. జరిగింది మాత్రం రాస్తాను.

మామూలు గది 1,600, లేక్ వ్యూ గది 2,400 అని ఫోనులో చెప్పారు. కొల్లేరు చూడడానికే బయలుదేరిన వాళ్ళం, ఎనిమిది వందల దగ్గర కక్కుర్తి ఎందుకని డబ్బు ముందే పంపాను. శనివారం మధ్యాహ్నం గదిలోకి వెళ్ళి కిటికీ తెర తీస్తే ఎదురుగా రొయ్యల చెరువు. నాలుగు వైపులా గట్లు, మధ్యలో నీటిని చిలుకుతున్న ఏరేటర్లు, గట్టు మీద మేత బస్తాలు, వాటి మీద ఆరేసిన లుంగీ.

కిందికి వెళ్ళి అడిగాను.

“బాబూ, లేక్ ఏదీ?”

“కిటికీలోంచి కనబడుతుంది కదమ్మా.”

“అది చెరువు.”

కుర్రాడు తడుముకోలేదు. “ఇదంతా ఒకప్పుడు కొల్లేరేనమ్మా” అన్నాడు.

మావారు గొంతు పెంచబోతుంటే నాన్న ఆయన భుజం మీద చెయ్యి వేశారు. “అతనన్న దాంట్లో అబద్ధమేమీ లేదులెండి, అల్లుడుగారూ” అన్నారు. మామగారి మాట కాదనలేక ఆయన పైకి వచ్చేశారు కానీ, ఆ రాత్రంతా మాతో మాట్లాడలేదు. మాట్లాడినా వినబడేది కాదు. ఏరేటర్లు తెల్లవార్లూ ఆగకుండా తిరిగాయి. కిటికీ మూస్తే ఉక్క, తీస్తే దోమలు, ఆ వెనకే మేత కుళ్ళిన వాసన. గీజరు స్విచ్చి ఉంది, గీజరు లేదు. ఉదయం పోట్లాడితే మూడు వందలు వెనక్కి ఇచ్చారు. ఆ మూడు వందలు ఏ లెక్కన వచ్చాయో ఇప్పటికీ తెలియదు.

ఇంతకీ కొల్లేరు మీదికి మా మనసు ఎందుకు పోయిందంటే, మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు వాగు మా ఇంట్లోకి వచ్చి ఆరు రోజులు ఉంది. ఫ్రిజ్, మంచాలు, పెళ్ళి ఫోటోలు, పాప పుస్తకాలు అన్నీ పోయాయి. డాబా మీద కూర్చుని నాన్న ఒకటే మాట అనేవారు, “ఈ నీళ్ళు కొల్లేటికి పోవాలి. దానికి చోటేదీ?” ఆయన అమ్మమ్మ ఊరు కొల్లేటి లంకల్లో. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే గడిపేవారట. యాభై ఏళ్ళుగా అటు వెళ్ళలేదు. 2025 సంక్రాంతి సెలవుల చివర్లో, జనవరి 18న, గుడివాడ మీదుగా రైల్లో నలుగురం కైకలూరు చేరాం. ప్రయాణం గురించి చెప్పడానికేమీ లేదు, కిటికీ పక్కన చోటు దొరికింది.

లాడ్జీలో సామాను పడేసి ఒక ఆటో మాట్లాడుకున్నాం. “కొల్లేరు మొత్తం చూపిస్తాను, పన్నెండు వందలు” అన్నాడు. మూడు గంటలు తిప్పాడు. గట్టు మీది నుంచి గట్టు మీదికి, కుడి వైపు చేపల చెరువు, ఎడమ వైపు చేపల చెరువు, మలుపు తిరిగితే ఎండబెట్టిన చేపల చెరువు. ప్రతిచోటా ఆటో ఆపి “ఇదే కొల్లేరండి” అనేవాడు. నాలుగోసారి నాన్న దిగలేదు. మా అమ్మాయి మాత్రం దిగి, గట్టు మీద ఒక మనిషి రేకు డబ్బా కొడుతూ తిరగడం చూసి ఎందుకని అడిగింది. గూడకొంగలు, అంటే పెలికాన్లు, చేపలు తినేస్తాయని, వాటిని తరమడానికట. కొన్ని చెరువుల మీద వలలు కూడా కట్టారు.

డబ్బు దగ్గర మళ్ళీ పేచీ వచ్చింది. పన్నెండు వందలు కాస్తా పదిహేను వందలు అయింది. కానీ ఈ ఆటో కుర్రాడి మీద నాకు కోపం నిలవలేదు. తిప్పుతూ తిప్పుతూ తన కథ చెప్పాడు. 1970ల చివర్లో ప్రభుత్వం లంకల్లోని పేదలకు సొసైటీల పేరుతో చేపల చెరువులు తవ్వుకోనిచ్చింది, వాళ్ళ తాతకూ అందులో వాటా దక్కింది. తరవాత పెట్టుబడి ఉన్నవాళ్ళు వచ్చి లీజుకు తీసుకున్నారు. సొసైటీ పేదలదే, చెరువులో చేప మాత్రం వాళ్ళది కాదు. 1999లో అయిదడుగుల కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున్న గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది. 2002లో చిత్తడి నేలల రక్షణకు దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద 901 చదరపు కిలోమీటర్లను అంతర్జాతీయ చిత్తడి నేలగా గుర్తించారు. కాగితాల మీద ఇంత గౌరవం దక్కాక కూడా చెరువులు ఆగలేదు. 2006లో సుప్రీంకోర్టు ఆదేశం మీద ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లను పేల్చేశారు.

“అప్పుడు నేను ఆరో తరగతండి” అన్నాడు ఆటో కుర్రాడు. “గట్టు లేచిపోతుంటే మా నాన్న పక్క గట్టు మీద కూర్చుని ఏడ్చాడు. లీజుకు తీసుకున్నాయన మాత్రం ఇంకోచోట తవ్వుకున్నాడు.”

తెగ్గొట్టిన గట్లను పూర్తిగా చదును చెయ్యలేదు. మట్టి దిబ్బలు, వాటి పక్కన గుంతలు అలాగే మిగిలాయి. పూర్వం కొల్లేరు పళ్ళెంలాంటిది, లోతు తక్కువ, వేసవిలో అంచులు ఎండి బయటపడేవి. ఆ ఎండడం, తడవడం మీదే గడ్డి, నత్తలు, చేపల ఈత, వలస పిట్టలు అన్నీ ఆధారపడి బతికేవి. గుంతలు, దిబ్బలుగా మారిన నేల మీద అవి తిరిగి రాలేదు, వేరేవి వచ్చాయి. చెరువుల్లోంచి వదిలిన నీటిలో ఎరువు, కోళ్ళ పెంట, తవుడు కలిసి ఉంటాయి. గుర్రపుడెక్కకు అంతకంటే విందు ఏముంది? దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క అది, నీటి మీద చాప పరిచినట్టు పరుచుకుంటుంది, కిందికి వెలుతురు పోనివ్వదు. కుళ్ళినప్పుడు నీటిలోని ప్రాణవాయువును లాగేస్తుంది. అలాంటి నీళ్ళలో కొరమీనులా పైకి వచ్చి గాలి పీల్చుకోగలిగినవి తట్టుకుంటాయి, మిగతావి తప్పుకుంటాయి.

చీకటి పడ్డాక భోజనానికి వెళ్ళాం. ఈ ప్రయాణం మొత్తంలో నన్ను సంతోషపెట్టినది ఇదొక్కటే అంటే పక్షులకు కోపం వస్తుందేమో. బోర్డు లేదు, రెండు గదుల ఇల్లు, ముందు వరండాలో నాలుగు బల్లలు. ఒకావిడ వండుతుంది, ఆవిడ కోడలు వడ్డిస్తుంది. “నల్లజాతి చేప కావాలా, చెరువు చేప కావాలా?” అని అడిగింది ఆ అమ్మాయి. చెరువు చేప అంటే బొచ్చె, శీలావతి. పులుసుతో భోజనం 150. నల్లజాతి అంటే కొల్లేట్లో తనంతట తాను పెరిగిన కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస వగైరా. ఆ రోజు కొరమీను ఉంది, భోజనం 280. మావారు లాడ్జీ మంట మీద ఉండి చెరువు చేపే చాలన్నారు. నాన్న, నేను, పాప కొరమీను తీసుకున్నాం.

మట్టి దాకలో మధ్యాహ్నం కాచి ఉంచిన పులుసు అది. నూనె పక్కకు తేలి ఎర్రగా ఉంది, మెంతుల వాసన ముందు తగిలింది, చింతపండు పులుపు చివర వచ్చింది. ముక్క గట్టిగా ఉంది, ముల్లు తక్కువ. నాన్న మొదటి ముద్ద తిని కాసేపు ఊరుకున్నారు. తరవాత పాపకు చేపల పేర్లు చెప్పడం మొదలుపెట్టారు. వాలుగ, జెల్ల, మార్పు, చేదుపరిగె… తాటి మొద్దును తొలిచి చేసిన దోనెలో నిలబడి వాళ్ళ మేనమామ వల విసిరేవాడట. దోనె ఒరగకుండా నిలబడడం ఈయనకు ఒక్కసారీ చేతకాలేదట. లోపల పొయ్యి దగ్గరున్న ఆవిడ బయటికి వచ్చి, “మీదే లంక అండీ?” అని అడిగింది. ఇక అరగంట ఇద్దరూ చుట్టరికాలు తవ్వుకున్నారు. కలవలేదు కానీ, రెండోసారి పులుసుకు డబ్బు తీసుకోలేదు. మావారు నా కంచంలోంచి రెండు ముక్కలు తీసుకున్నారు. అడగకుండానే.

ఆదివారం పొద్దున్నే ఆటపాక పక్షుల కేంద్రం. కైకలూరికి ఆనుకునే ఉంది. ఎనిమిదిలోపు వెళ్ళండి, మంచు విడిచే వేళ పక్షులు మేతకు లేస్తూ ఉంటాయి. పడవకు అయిన ఖర్చు ఆటోకు పోసినదాంట్లో పావు కూడా లేదు. నీటి మధ్యలో వరుసగా ఇనుప స్తంభాలు, వాటికి అడ్డంగా కమ్ములు, ఆ కమ్ముల మీద పుల్లల గూళ్ళు. చెట్లు ఉండేవి కానీ నీటిలో నానీ, పక్షుల రెట్ట పడీ చచ్చిపోతుంటే అటవీశాఖ ఈ ఇనుప స్టాండ్లు నిలబెట్టింది. 1970ల్లో కొల్లేట్లో గూళ్ళు పెట్టడం మానేసి వెళ్ళిపోయిన గూడకొంగలు తిరిగి వచ్చి పిల్లలను చేస్తున్నది ఈ ఇనుము మీదే. పక్కనే ఎర్రకాళ్ళ కొంగలు, ముక్కులు టకటకా కొట్టుకుంటూ.

పడవ ఒక స్తంభానికి దగ్గరగా ఆగింది. గూడకొంగ పిల్ల ఒకటి, ఒంటి నిండా తెల్లటి నూగుతో, తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా దూరింది. లోపల అది పొడుస్తుంటే సంచి అటూ ఇటూ ఉబ్బుతోంది. తల్లి కళ్ళు మూసుకుని ఓర్చుకుంటోంది. పిల్ల తల బయటికి తీసేసరికి నోట్లో చేప తోక. “బొచ్చె పిల్ల” అన్నాడు పడవ అబ్బాయి నవ్వుతూ. నిన్న రేకు డబ్బా కొట్టిన మనిషి చెరువుదేమో ఆ చేప!

రెండేళ్ళ కిందట సూళ్ళూరుపేట దగ్గర నేలపట్టు వెళ్ళాం. అక్కడ గూడకొంగలు చెరువులో నిలిచిన కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి, రెట్ట కలిసిన నీళ్ళు పొలాలకు బలమని ఊరివాళ్ళే వాటిని కాపాడుకుంటారు. కళ్ళకు నేలపట్టే బాగుంటుంది. దగ్గరగా చూడాలంటే ఆటపాక. ఒక్కటే చూడగలిగితే? పిల్లలుంటే ఆటపాక, లేకపోతే నేలపట్టు అంటాను.

కానీ నాకు ఒకటి కొరుకుడు పడలేదు. గూడకొంగలు పెరిగాయి కాబట్టి కొల్లేరు బాగుపడిందని పడవలో పక్కనున్నాయన గట్టిగా అన్నాడు. చేపలు తినే పక్షికి చుట్టూ చేపల చెరువులుంటే పెరగక ఏం చేస్తుంది? దానికి కావలసింది చేప, గూటికి ఎత్తయిన చోటు. రెండూ మనిషే ఇచ్చాడు. బురదలో పురుగులు ఏరుకునే ఉల్లంకులు, గడ్డి గింజలు తినే బాతులు ఇనుప స్తంభాన్ని ఏం చేసుకుంటాయి? వాటికి అడుగులోతు నీళ్ళు, ఎండే అంచు కావాలి. నాన్న పడవలో ఉన్నంతసేపూ పైకి కాక నీటి అంచులకేసి చూస్తున్నారు. “బావుంది” అన్నారు దిగాక. ఇంకేమీ అనలేదు. ఆయన “బావుంది” అంటే ఏమిటో మా ఇంట్లో అందరికీ తెలుసు.

అందుకే తిరుగు ప్రయాణం ఏలూరు మీదుగా పెట్టుకున్నాం. ఆ దారిలో పెదఎడ్లగాడి వంతెన దగ్గర బస్సు దిగిపోయాం. మావారు గొణిగారు, రెండు సంచులు ఆయన చేతిలోనే ఉన్నాయి మరి. కొల్లేరు చూడాలంటే మాత్రం ఇక్కడే చూడాలి. టికెట్టు లేదు, పడవ లేదు, నీడ కూడా లేదు. వంతెన పిట్టగోడ పట్టుకుని నిలబడితే నీళ్ళు గట్లు లేకుండా కనబడతాయి. దూరంగా కిక్కిస పొద, ఆ అంచున జంబుకోళ్ళు నీలంగా మెరుస్తూ, వాటి వెనక ఎవరివో మందబాతులు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేట్లో కలిసి, ఉప్పుటేరు పట్టుకుని సముద్రానికి పోవాలి. 2024 వరదకు ఈ రోడ్డు కూడా మునిగింది. వేసవిలో పైనుంచి నీళ్ళు తగ్గితే అదే ఉప్పుటేరు మీదుగా ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది.

నాన్న పిట్టగోడ మీద వంగి కిందికి చూశారు. ఖానాలకు అడ్డంగా గుర్రపుడెక్క దిట్టంగా పట్టేసి ఉంది, మనిషి నిలబడితే మోసేలా. ఇద్దరు కూలీలు కొక్కేల కర్రలతో దాన్ని లాగి ఒడ్డున పడేస్తున్నారు. ఒక్కో మొక్కకు మూరెడు వేళ్ళు, నల్లగా, బురద కారుతూ. పాప ముక్కు మూసుకుంది.

“ఎన్నాళ్ళ పని?” అని నాన్న అడిగారు.

“ఇది తీసేసరికి అది వస్తుందండి” అని అతను పడమర వైపు చూపించాడు. అటు నుంచి ఇంకో పచ్చటి చాప మెల్లగా వంతెనకేసి జరుగుతోంది.

“మా ఇంట్లోకి వచ్చిన నీళ్ళూ అటు నుంచే రావాలి” అన్నారు నాన్న, నాతోనో అతనితోనో.

అయిదుంపావుకు ఏలూరు బస్సు వచ్చింది. నిలబడే వెళ్ళాం.