నెల్లూరు, ఒంగోలు వైపు సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ కొనేవాళ్లు జాగ్రత్త: షట్టర్ కౌంట్ స్క్రీన్‌షాట్ నమ్మొద్దు

పాతిక ముప్పై వేలల్లో మొదటి కెమెరా కొనుక్కుందామని చూస్తున్న వాళ్లు మన వైపు చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఇది రాస్తున్నా. మా తమ్ముడికి నెల్లూరులో జరిగింది ఇంకొకరికి జరగకూడదు. షాపు పేరు రాయట్లేదు, కంప్లయింట్ నడుస్తోంది. పేరు కంటే వాళ్లు మోసం చేసిన తీరు తెలియడమే మీకు ముఖ్యం, ఎందుకంటే అది ఏ ఊళ్లో ఎవరైనా చేయగలిగిన పని.

పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్లు చాలామంది మిర్రర్‌లెస్‌కి (డీఎస్ఎల్ఆర్‌లో ఉండే అద్దం లేని కొత్త రకం కెమెరాలు) మారిపోయారు, నైకాన్ డీ3500, డీ5600 లాంటి మోడళ్ల తయారీ కూడా ఆగిపోయింది. దాంతో స్టూడియోల్లో వాడిన డీఎస్ఎల్ఆర్‌లు సెకండ్ హ్యాండ్‌కి వస్తున్నాయి. తక్కువ డబ్బులున్న వాళ్లకి ఇది నిజంగా మంచి అవకాశమే, కొనొద్దని నేను అనట్లేదు. కానీ ఒక్క పెళ్లికే మూడు నాలుగు వేల ఫోటోలు కొట్టేస్తారు. నొక్కిన ప్రతిసారీ లోపల అద్దం పైకి లేవాలి, షట్టర్ తెరలు తెరుచుకుని మూసుకోవాలి, అదంతా అరిగే సామానే. ఇప్పటిదాకా ఎన్నిసార్లు నొక్కారన్న లెక్కే షట్టర్ కౌంట్, బండికి కిలోమీటర్ల రీడింగ్ ఎలాంటిదో కెమెరాకి ఇది అలాంటిది. అందుకే అబద్ధం చెప్పేవాడు ముందు చెప్పేది ఆ నంబరు గురించే.

మా వాడు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బుతో నైకాన్ డీ7200, దాంతో పాటు 18-140 లెన్స్ కలిపి 29 వేలకి తీసుకున్నాడు. నేలపట్టులో గూడబాతుల్ని ఫోటోలు తీయాలని వాడికి ఎప్పట్నించో కోరిక. డీ7200 మంచి మోడలే. 2015లో వచ్చింది, బాడీలోనే (లెన్స్ తీసేస్తే మిగిలే కెమెరా) ఫోకస్ మోటార్ ఉంటుంది కాబట్టి సొంత మోటార్ లేని, చవగ్గా దొరికే పాత ఏఎఫ్-డీ లెన్సులు కూడా ఆటోఫోకస్ అవుతాయి. (డీ3500, డీ5600లో ఆ మోటార్ లేదు. తక్కువకి వస్తుంది కదా అని 50 ఎంఎం 1.8డీ కొంటే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే, ఇది చాలా షాపుల్లో చెప్పరు.) ఎంపిక సరైనదే, ఆ కెమెరానే సరైనది కాదు.

"ఒక డాక్టర్ గారు ఇంట్లో వాడుకున్న పీస్ తమ్ముడూ, 14 వేల క్లిక్కులే" అని షాపతను వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ పంపాడు. షాపుకెళ్లి చూస్తే బాడీ కొత్తదానిలా మెరుస్తోంది. బిల్లు అడిగితే సెకండ్ హ్యాండ్‌కి బిల్లు ఉండదని విజిటింగ్ కార్డు వెనకాల మొత్తం రాసిచ్చాడు. కొన్ని వారాలకి మైపాడు బీచ్‌లో తీస్తుంటే పైన చిన్న డిస్‌ప్లేలో ఎర్ర్ (ఎర్రర్) అని మెరవడం మొదలైంది. మళ్లీ నొక్కితే పోతుంది, పది ఫోటోల తర్వాత మళ్లీ వస్తుంది, ఆఖరికి షట్టర్ తెర సగంలో ఇరుక్కుని ఫోటోలన్నీ కింది సగం నల్లగా పడ్డాయి. చెన్నై తీసుకెళ్లి సర్వీస్ సెంటర్‌లో ఇస్తే వాళ్లు జాబ్ షీట్ మీద రాసిన కౌంట్ 1,63,000 పైనే. నైకాన్ ఈ మోడల్ షట్టర్‌ని పరీక్షించింది లక్షన్నర క్లిక్కులకి. ఆ హద్దు దాటగానే చెడిపోతుందని కాదు, దాటి కూడా ఆడేవి ఉంటాయి, కానీ 14 వేలని చెప్పి లక్షా అరవై వేలు దాటినది అంటగట్టడం పచ్చి మోసం. షట్టర్ మార్చడానికి వాళ్లు చెప్పిన ఖర్చు కొన్న ధరలో మూడో వంతు దాటింది.

మరి ఆ స్క్రీన్‌షాట్? అది వేరే కెమెరాది. నైకాన్ ఫోటో ఫైల్ లోపల షట్టర్ కౌంట్‌తో పాటు ఆ బాడీ సీరియల్ నంబరు కూడా రికార్డవుతుంది. అదే నంబరు కెమెరా అడుగున ఉంటుంది. మేం స్క్రీన్‌షాట్ మళ్లీ తెరిచి చూస్తే సీరియల్ ఉండే వరుసలో మొదటి సగం కట్ చేసి ఉంది, కనిపించిన చివరి అంకెలు మా బాడీ కింద ఉన్న అంకెలతో కలవలేదు.

కాబట్టి వాళ్లు పంపినవేవీ వద్దు. మీ మెమరీ కార్డు మీరే తీసుకెళ్లి, షాపులోనే జేపెగ్‌లో ఒక ఫోటో కొట్టి, కార్డ్ రీడర్‌తో మీ ఫోన్‌లోకి ఎక్కించుకుని ఎగ్జిఫ్ (ఫోటో ఫైల్ లోపల దాగి ఉండే ఈ వివరాలు) చూపించే యాప్‌లో తెరవండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపించుకుంటే ఆ వివరాలన్నీ పోతాయి, అలా చేయొద్దు. కౌంట్ చూశాక కెమెరా తిరగేసి సీరియల్‌లో ప్రతి అంకె సరిచూసుకోండి. క్యానన్ 1500డీ లాంటి చిన్న మోడళ్లకి ఫోటోలో ఈ కౌంట్ ఉండదు, కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి చూడాలి. చూడనివ్వకపోతే వదిలేసి రండి, ఇంకోటి దొరుకుతుంది.

బాడీ మెరుపు చూసి మాత్రం నిర్ణయం తీసుకోవద్దు. గ్రిప్ రబ్బర్లు విడిగా దొరుకుతాయి, పాతవి పీకి కొత్తవి అంటిస్తే పదేళ్ల కెమెరా కూడా నిన్న కొన్నట్టుంటుంది. మా దాన్ని తర్వాత దగ్గరగా చూస్తే రబ్బరు కొత్తది, కానీ ఫ్లాష్ పెట్టే హాట్ షూ పట్టాలు అరిగి ఇత్తడి రంగు కనపడుతోంది, అడుగు ప్లేటు స్క్రూల తలలు చెదిరి ఉన్నాయి, అంటే ఎవరో విప్పారు. ఇంట్లో వాడుకున్న డాక్టర్ గారి కెమెరాకి హాట్ షూ అలా అరగదు, అది పెళ్లిళ్లలో రోజూ ఫ్లాష్ ఎక్కించి దించిన గుర్తు.

లెన్స్ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే మనది సముద్రం పక్క గాలి, నెల్లూరు అయినా కొత్తపట్నం అయినా తేమకి ఫంగస్ తొందరగా పడుతుంది. అపర్చర్ (లెన్స్ లోపల వెలుతురు వచ్చే కంత) పూర్తిగా తెరిచి, ఫోన్ టార్చ్ వెనకనుంచి వేసి ముందువైపు నుంచి చూడండి. సాలెగూడు లాంటి సన్నటి దారాలు కనిపిస్తే ఎంత తగ్గించినా తీసుకోవద్దు. సెన్సార్ (లోపల ఫోటో పడే పలక) కోసం ఎఫ్16లో, అంటే ఆ కంతని బాగా చిన్నది చేసి, ఆకాశాన్ని ఫోటో తీస్తే మచ్చలు బయటపడతాయి. దుమ్మయితే క్లీనింగ్‌తో పోతుంది, గీతయితే పోదు. ఇంకోటి, డీ3100, డీ3200, డీ5100 లాంటి పాత బాడీలకి కొత్త ఏఎఫ్-పీ రకం కిట్ లెన్స్ (కెమెరాతో పాటు కలిపి అమ్మే లెన్స్) తగిలించి సెట్ అని అమ్మితే వద్దనండి, వాటి మీద ఆ లెన్స్ అసలు ఫోకసే అవదు.

బిల్లు మాత్రం వదలొద్దు, సీరియల్ నంబరూ, వాళ్లు చెప్పిన షట్టర్ కౌంటూ దాని మీద రాయించుకోండి. అమ్మిన వస్తువుకి బిల్లు ఇవ్వకపోవడమే 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుడు వ్యాపార పద్ధతి. మాకు బిల్లు లేకపోయినా ఫోన్‌పే చెల్లింపు, వాట్సాప్ మాటలు, చెన్నై జాబ్ షీట్ ఉన్నాయి, వాటితోనే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి కంప్లయింట్ నమోదు చేయించాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాం, ఐదు లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా ఉండదు. ఇప్పటికే ఇలా స్క్రీన్‌షాట్ చూసి కొన్నవాళ్లుంటే ఈ రోజే ఒక ఫోటో తీసి సీరియల్ పోల్చి చూసుకోండి, కమిషన్‌కి వెళ్లడానికి గడువు రెండేళ్లే.