కారు ఫ్రిజ్ ఏడాదిన్నర వాడాక: పెరుగన్నం బాగుంది, సాకెట్టే బాగాలేదు

హైదరాబాద్ నుంచి శ్రీనగర్ దాకా 44వ నంబరు హైవే మీద సుమారు 2,400 కిలోమీటర్లు. నాగ్‌పూర్ వరకు అందరూ హుషారే. మూడో రోజుకి ఆలూ పరాఠా, దాల్ మఖనీ పేరు వింటేనే మొహం మొత్తుతుంది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కళ్లు మూతలు పడతాయి, పక్క సీటువాళ్లు ఏమన్నా చిరాకే. ప్రయాణం విసుగు అనుకునేదాంట్లో సగం కడుపు బరువే. ఝాన్సీ ఎండలో చల్లటి పెరుగన్నం, ఊరమిరపకాయ, గ్లాసు మజ్జిగ దొరికితే ఆ పూట గట్టెక్కినట్టే. 30 లీటర్ల ఈ కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టె కొన్నది అందుకే.

అన్నం పాలతో మెత్తగా కలిపి, చెంచాడు పెరుగు తోడేసి, చల్లారాకే డబ్బాల్లో సర్దాలి. పెట్టెను ముందు రాత్రే ఇంటి కరెంటు మీద 4 డిగ్రీలకి దించుకోవాలి. ఇంకా తగ్గిస్తే గోడకి ఆనిన డబ్బాలో మెతుకులు గడ్డకట్టి, కరిగాక నీళ్లోడతాయి. మూడు రోజులకి మించి దాచొద్దు.

కొన్న కొత్తలో దీని గురించి "ప్లగ్ పెట్టి మరిచిపోండి" అని రాశాను. మరిచిపోతే కుదరదు. బండి నడుస్తూనే ఉంటుంది, పెట్టె ఆగిపోయి తెర మీద ఈ1 (వోల్టేజీ చాలడం లేదనే కోడ్) కనబడుతుంది. చూసుకునేసరికి లోపల 15 డిగ్రీలు, పెరుగు పులిసిపోయి ఉంటుంది. తప్పు కంప్రెసర్‌ది కాదు. కొన్ని కొత్త కార్లలో బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరిగి బ్యాటరీని నింపే జనరేటర్) ఛార్జింగ్ తగ్గిస్తుంది, 14 ఉండాల్సిన వోల్టేజీ 12.5కి వస్తుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కి వచ్చే సన్న వైరు, గతుకులకి వదులయ్యే ప్లగ్గు కలిసి ఇంకో వోల్టు మింగేస్తాయి. కంప్రెసర్ ఎత్తుకునే క్షణంలో అది మరికాస్త పడుతుంది. కారు బ్యాటరీ ఖాళీ కాకుండా పెట్టెను ఆపేసే బ్యాటరీ రక్షణ 'హెచ్' (హై)లో ఉంటే మా పెట్టె 11.1 వోల్టుల దగ్గర కట్ అవుతుంది. బండి నడిచేటప్పుడు ఇంకా తక్కువ వోల్టేజీ దాకా ఆగని 'ఎమ్' (మీడియం), ఆపితే 'హెచ్' పెట్టడం తాత్కాలిక ఉపాయం. అసలు మందు బ్యాటరీ నుంచి నేరుగా 4 స్క్వేర్ ఎమ్ఎమ్ రాగి వైరు లాగి, బ్యాటరీ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు వేయించడం. చివర స్క్రూతో బిగిసే ప్లగ్గు పెట్టించాలి, లైటర్ రకం మళ్లీ వదులవుతుంది. ఆ వైరు పడ్డాక ఈ1 మళ్లీ కనబడలేదు.

రాత్రి హోటల్‌లో ఇంకో తంటా. ఇంజను ఆపి తాళంచెవి తీసేస్తే చాలా కార్లలో సాకెట్ చచ్చిపోతుంది. నేరు వైరు ఉన్నా రాత్రంతా నడిపితే పొద్దున బండి స్టార్ట్ అవుతుందో లేదో. అందుకని ఇరవై కిలోల పెట్టెను గదికి మోసుకెళ్లి అడాప్టర్ మీద పెట్టాలి. పదకొండు గంటలు నడిపినవాడికి రెండో అంతస్తు మెట్లు!

దీని మీద అసలు ఫిర్యాదు వేరే. తిండి కార్లోనే ఉంటే ఢాబా దగ్గర ఆగడం మానేస్తారు. ఆ ఇరవై నిమిషాల నడక పోయి, సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. ఆకలితో పని లేకుండా రెండు గంటలకోసారి దిగకపోతే ఈ పెట్టె అలసట తీర్చదు, పెంచుతుంది.

పిల్లలతో, పెరుగు లేకపోతే ముద్ద దిగని పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు కొనుక్కోవచ్చు, వైరింగ్ ఖర్చు కూడా లెక్కలో వేసుకుని. ఇద్దరే అయితే, పరాఠాకి అభ్యంతరం లేకపోతే, డిక్కీలో ఆ చోటు సామానుకే ఉంచుకోండి.