కోలారు గుట్టా, గ్రహశకలమా?

వైట్‌ఫీల్డ్‌లో మా ఆఫీసు టీ బండి దగ్గర ఒక కుర్రాడు, "అన్నా, గ్రహశకలాల మీద ప్లాటినం ఉందట, వాటిని తవ్వుతామనే కంపెనీల షేర్లు కొందామా?" అన్నాడు. వాడు రోజూ మారికుప్పం రైల్లో వచ్చేవాడే. వాళ్ల తాత కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) గని కార్మికుడు.

ఆ గని బంగారం పూర్తిగా అయిపోయి మూతపడలేదు. మూడు కిలోమీటర్ల లోతు దాటాక తవ్వే ఖర్చు అమ్మే ధరను మింగేసింది. 2001లో తాళం పడింది.

ఇక పైకి చూద్దాం. నాసా వాళ్ల ఒసైరిస్-రెక్స్ వ్యోమనౌక 2023లో బెన్నూ అనే గ్రహశకలం నుంచి తెచ్చింది 121.6 గ్రాముల మట్టి. ఖర్చు సుమారు 116 కోట్ల డాలర్లు. అంటే గ్రాము మట్టికి 95 లక్షల డాలర్లు! అది పరిశోధన కోసం వెళ్లింది, గని పనికి కాదు, ఒప్పుకుంటాను. కానీ ఖర్చు వెయ్యో వంతుకు దిగినా గిట్టదు; ప్లాటినం గ్రాము పదుల డాలర్లలోనే ఉంటుంది. పోనీ టన్నులకొద్దీ తెచ్చారే అనుకోండి, మార్కెట్లో ధర కూలుతుంది. అక్కడి నీటిని అక్కడే రాకెట్ ఇంధనంగా మార్చుకుంటే మాత్రం లెక్క కొంచెం కుదరొచ్చు.

కేజీఎఫ్ సైనైడ్ గుట్టల్లో, అంటే సైనైడ్‌తో బంగారం తీశాక మిగిలిన రాతిపొడి కుప్పల్లో, టన్నుకు గ్రాము బంగారం కూడా రాదు. అయినా రాయి ఎప్పుడో పొడి చేసి పెట్టారు, లారీ వెళ్తే చాలు. గాలి వీస్తే ఆ బూడిదరంగు దుమ్ము ఇళ్లలోకి వస్తుంది, తీసేస్తే ఆ బాధా తప్పుతుంది. నా ఓటు గుట్టకే.

వాడు టీ గ్లాసు కింద పెట్టి, "మరి గుట్టకు షేర్లున్నాయా అన్నా?" అన్నాడు.