పెరటి షెడ్డు గోడలు: ఓఎస్‌బీ మీద సైడింగా, నేరుగా టీ1-11 షీటా? ఏది మేలు?

అమెరికాలో ఇల్లు కొన్న మూడో ఏడాదికల్లా గరాజ్‌లో కారుకు తప్ప అన్నిటికీ చోటు ఉంటుంది. గడ్డి కోసే మెషీను, మంచు తోసే పారలు, పిల్లల సైకిళ్లు, పండక్కి మాత్రమే బయటికొచ్చే పెద్ద గిన్నెలు. పెరట్లో షెడ్డు వేద్దామనే మాట అప్పుడే వస్తుంది. నేల, కప్పు విషయంలో పెద్దగా తర్జనభర్జన ఉండదు. చిక్కంతా గోడల దగ్గరే: చెక్క పేళ్లని జిగురుతో అదిమి చేసిన ఓఎస్‌బీ షీటు కొట్టి దాని మీద బయటి తొడుగు (సైడింగ్) వేయాలా, లేక రెండు పనులూ ఒక్కటే చేసే గాడుల టీ1-11 షీటు నేరుగా కొట్టాలా?

ఇక్కడి లెక్కలన్నీ 10×12 అడుగుల కర్ర షెడ్డువి: కర్ర నేల, రెండు వాలుల కప్పు, 4 అడుగుల తలుపు. 120 చదరపు అడుగుల దాకా పర్మిట్ అడగని ఊళ్లు చాలా ఉన్నాయి కాబట్టి ఈ సైజు తీసుకున్నాం. ఊళ్లు నమూనాగా తీసుకునే ఇళ్ల కోడ్ ఐఆర్‌సీ 200 చదరపు అడుగుల దాకా వదిలేస్తుంది గానీ, చెల్లేది మీ ఊరు పెట్టుకున్న అంకే. పర్మిట్ అక్కర్లేకపోయినా కంచెకి ఎంత దూరంలో కట్టాలన్న నియమం మాత్రం పోదు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతీ పోదు. "ఇంటి గోడకి మ్యాచ్ అవ్వాలి" అని హెచ్‌ఓఏ రాసి ఉంటే కింద చెప్పబోయే పోటీ సగం అక్కడే తేలిపోతుంది.

నిలువు కర్రలు స్టడ్లు. వాటికి కిందా పైనా పడుకోబెట్టేవి ప్లేట్లు. ఈ చట్రం మీద బయటి నుంచి కొట్టే షీటు షీతింగ్. పేరుకి టూ-బై-ఫోరే గానీ కొలిస్తే ఒకటిన్నర బై మూడున్నర అంగుళాలు. ఆ తేడా మరిచి గీసిన గీత ఏదీ కుదరదు.

స్టడ్ల ఎడం: 16 అంగుళాలా, 24 అంగుళాలా?

12 అడుగుల గోడకి 16 అంగుళాల ఎడంతో 10 స్టడ్లు పడతాయి, 24తో 7. పొట్టి గోడలు పొడుగు గోడల మధ్యలో ఇముడుతాయి కాబట్టి వాటి ప్లేటు పొడవు 120 అంగుళాలు కాదు, 113. అక్కడ 16తో 9, 24తో 6. నాలుగు గోడలకీ కలిపి 38కి 26. అంటే మిగిలేది 12 కర్రలు. తలుపు చుట్టూ పడే అదనపు కర్రలు రెండిటికీ ఒకటే.

ఒక్క కప్పు బరువే మోసే 10 అడుగుల లోపు గోడకి టూ-బై-ఫోర్లు 24 అంగుళాల ఎడంతో కోడ్ ప్రకారం సరిపోతాయి. బలం గురించి బెంగ అక్కర్లేదు. పేచీ పెట్టేది షీటు. ప్రతి సైడింగ్ షీటు వెనకా ముద్ర ఉంటుంది: 16 ఓసీ అనో, 24 ఓసీ అనో. ఓసీ అంటే ఆన్ సెంటర్: ఒక స్టడ్డు మధ్య నుంచి పక్కదాని మధ్యకి ఎడం అంతకు మించకూడదని దాని అర్థం. గాడులున్న టీ1-11 షీటు మందం 5/8 అంగుళం దాకా ఉన్నా, గాడి దగ్గర మిగిలేది పలచన కర్రే. అందుకే చాలావాటి మీద 16 అని ఉంటుంది. దాన్ని తెచ్చి 24 ఎడంతో ఉన్న స్టడ్లకి కొడితే మొదటి వేసవిలో ఏమీ తెలియదు, రెండో వేసవికి గోడ అలలు తిరుగుతుంది. 7/16 ఓఎస్‌బీ మీద 24/16 అనే ముద్ర ఉంటుంది. అది 24 ఎడాన్ని నిక్షేపంగా ఆపుతుంది. కానీ దాని మీద వినైల్ సైడింగ్ వేసే పనైతే మేకులు 16 అంగుళాలకి ఒకటి స్టడ్డులోకి దిగాలి, కాబట్టి మళ్లీ 16కే వస్తారు.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు గానీ, కట్టుకునే షెడ్డు వాసాలు లెక్కపెట్టాల్సిందే. వాసాలు 24 అంగుళాలకి ఒకటి వేసి, స్టడ్లు కూడా 24కే పెట్టి, ప్రతి వాసం సరిగ్గా స్టడ్డు నెత్తిన కూర్చునేట్టు చూస్తే (ఒక అంగుళం అటూ ఇటూ ఫరవాలేదు) పైన ఒక్క ప్లేటు చాలు. ప్లేటు అతుకు పడ్డచోట ఇనప రేకుతో కట్టేయాలి. స్టడ్లు 16కీ వాసాలు 24కీ పెడితే కొన్ని వాసాలు రెండు స్టడ్ల నడుమ ఖాళీ మీద పడతాయి. అప్పుడు పైన జోడు ప్లేటు తప్పదు. 24లో అసలు పొదుపు స్టడ్లు, వాసాలు, షీటు ముద్ర మూడూ ఒకే లెక్కకి వచ్చినప్పుడే. లేకపోతే 12 కర్రల డబ్బు మిగిల్చుకుని వంకర గోడ కొనుక్కున్నట్టు. లోపల అరలు బిగించుకోవాలన్నా 16 సుఖం, ఎక్కడ మేకు కొట్టినా కర్ర దగ్గర్లోనే ఉంటుంది.

ఏ ఎడమైనా గీతలు గీయడంలో పొరపాటు ఒకే చోట జరుగుతుంది. షీటు వెడల్పు 48 అంగుళాలు. దాని అంచు స్టడ్డు నడిమధ్యలో పడాలి, మిగతా సగం మీద పక్క షీటు కూర్చోవాలి. మొదటి స్టడ్డు మాత్రం గోడ చివరికి సమంగా ఉంటుంది. అందుకని రెండో స్టడ్డుకి మొదటిదాని మధ్య నుంచి కాకుండా ప్లేటు చివరి నుంచి 15 1/4 అంగుళాల దగ్గర గీత పెట్టి, కర్రని గీతకి అవతలివైపు నిలబెట్టాలి. మధ్య నుంచి మధ్యకి 16 కొలిస్తే 48 దగ్గర షీటు అంచు స్టడ్డు అంచుకి వచ్చేస్తుంది. ఆ మొదటి షీటు అంచుకి మేకు కొట్టడానికి కర్ర దొరకదు.

పొట్టి గోడల్లో ఇంకో మెలిక ఉంది. వాటి మొదటి షీటు పొడుగు గోడ చివరని కూడా కప్పుతూ మూల నుంచి మొదలవుతుంది. ఆ మూడున్నర అంగుళాలు లెక్కలో కలుపుకోవాలి: మొదటి మధ్య స్టడ్డు నడుము ప్లేటు చివరి నుంచి పన్నెండున్నర అంగుళాల దగ్గరికి రావాలి. పొడుగు గోడ గీతల్నే దీనికీ దింపేస్తే అతుకులన్నీ గాల్లో ఉంటాయి.

పైతొడుగు: మూడు దారులు

ఓఎస్‌బీ షీటు, దాని మీద హౌస్‌వ్రాప్ (నీటిని ఆపే పలచని చుట్టు), ఆపైన సైడింగ్. ఇంటికి కట్టే పద్ధతి ఇదే. వాన నీరు సైడింగ్ వెనక్కి దూరినా వ్రాప్ మీదుగా కిందికి జారిపోతుంది. లోపల ఇన్సులేషన్, కరెంటు పెట్టి చిన్న ఆఫీసు గది చేసుకుంటారా, లేదా ఇంటి సైడింగ్‌కి మ్యాచ్ చేయాలా, ఇదే సరైనది. సామానుల షెడ్డుకైతే ఒకే గోడకి మూడుసార్లు తిరగాలి: షీటు ఒకసారి, వ్రాప్ ఒకసారి, సైడింగ్ ఒకసారి. ఖర్చూ అంతే.

ఇక్కడ జరిగే తప్పు: "ఓఎస్‌బీ చవక కదా, రంగేసి వదిలేద్దాం." ఓఎస్‌బీ ముఖం కొంత ఓర్చుకుంటుంది, అంచు ఓర్చుకోదు. ఫ్యాక్టరీ అంచులకి పూసిన రంగు మీరు రంపం పెట్టిన చోట ఉండదు. అక్కడ నీరు తాగి ఉబ్బిన చెక్క ఎండాక కూడా పాత మందానికి రాదు. రంగు పెచ్చులు లేస్తుంది, నీళ్లు ఇంకా లోపలికి పోతాయి.

ఓఎస్‌బీ బదులు సీడీఎక్స్ ప్లైవుడ్ వాడొచ్చు. తడిసినా త్వరగా ఆరుతుంది, అంచులు అంతగా ఉబ్బవు, మేకుని గట్టిగా పట్టుకుంటుంది. ధర ఎక్కువ. సీ, డీ అనేవి రెండు వైపుల పొరల నాణ్యత, ఎక్స్ అంటే కట్టే రోజుల్లో తడిని తట్టుకునే జిగురు. ఆ ఎక్స్‌ని చూసి శాశ్వతంగా ఎండకీ వానకీ వదలొచ్చని అనుకునేవాళ్లు చాలామంది. వదలకూడదు, దీనికీ సైడింగ్ కావాల్సిందే. వారం పది రోజులు వానలో పని ఆగిపోయే సియాటిల్ లాంటి చోట ప్లైవుడ్‌కి పెట్టిన అదనపు డబ్బు దండగ కాదు. డాలస్ ఎండల్లో వారాంతంలో ముగించే పనికి ఓఎస్‌బీ చాలు.

మూడో దారి, టీ1-11 లాంటి ప్యానల్ సైడింగ్ నేరుగా స్టడ్ల మీద. గోడని ఒరిగిపోకుండా పట్టేదీ ఇదే, బయటికి కనిపించేదీ ఇదే. 44 అడుగుల చుట్టుకొలతకి 11 షీట్లు, పొట్టి గోడల పైన కప్పు కింద మిగిలే రెండు త్రికోణాలకీ రెండు, మొత్తం 13. కప్పు వాలు 5/12 (12 అంగుళాలకి 5 అంగుళాలు లేచేది) అనుకుంటే త్రికోణం ఎత్తు 25 అంగుళాలే, కాబట్టి ఒక షీటుని అడ్డంగా మూడు ముక్కలు చేస్తే 12 అడుగుల వెడల్పు వస్తుంది. గాడులు నిలువుగానే ఉంటాయి. తలుపు కోసం కోసిన ముక్కనే తలుపుకి వాడుకుంటే గాడులు గోడతో కలిసిపోతాయి.

సామానుల షెడ్డుకి మా ఓటు దీనికే, 16 అంగుళాల స్టడ్ల మీద. ప్లైవుడ్ టీ1-11 కాకుండా, చెక్క పేళ్లని అదిమి చేసే ఎల్‌పీ స్మార్ట్‌సైడ్ లాంటి ప్యానల్ అయితే ఇంకా నయం. జింక్ బోరేట్ పట్టించి వస్తుంది కాబట్టి చెదకీ బూజుకీ తట్టుకుంటుంది, ప్రైమర్ ముందే పూసి ఉంటుంది. 3/8 అంగుళం పలచని రకం తెచ్చేటప్పుడు మాత్రం ముద్ర మళ్లీ చూడండి.

కింది ఆరంగుళాలు

పాత టీ1-11 షెడ్డు దేన్నైనా చూడండి. పైన గోడ బాగానే ఉంటుంది, కిందనే పొరలు విడిపోయి ఉంటుంది. కప్పు నుంచి పడ్డ నీళ్లు నేల మీంచి చిమ్మి షీటు అడుగు అంచుకి తగులుతాయి. కోసిన అంచు ఆ నీటిని స్పాంజిలా పీల్చుకుంటుంది. బయటి మట్టికీ షీటుకీ మధ్య కనీసం 6 అంగుళాలు వదలాలి. షీటు నిలబెట్టక ముందే అడుగు అంచుకి ప్రైమర్ పట్టించి, ఆరాక రెండోసారి పట్టించాలి. నిలబెట్టాక అక్కడికి బ్రష్ చేరదు.

దీనికంటే తక్కువమందికి తెలిసిన చిక్కు ఎత్తుది. అంగట్లో దొరికే ప్రీకట్ స్టడ్డు 92 5/8 అంగుళాలు. కింద ఒకటి, పైన రెండు ప్లేట్లు కలిపితే గోడ 97 1/8. షీటు 96. ఎక్కడో అక్కడ అంగుళం పైచిలుకు తక్కువ పడుతుంది. పైకి సమం చేస్తే అడుగున ప్లేటు బయటపడుతుంది, గోడ మీంచి జారిన వాన నేరుగా నేల ప్లైవుడ్ మీదకి పోతుంది. ఆ నేల కుళ్లడానికి ఎన్నో ఏళ్లు పట్టదు.

కాబట్టి 8 అడుగుల కర్ర తెచ్చి 88 అంగుళాలకి కోయండి. గోడ 92 1/2 అవుతుంది. షీటు పైన సమంగా ఉంచితే కింద మూడున్నర అంగుళాలు వేలాడి ముప్పావంగుళం నేల ప్లైవుడ్‌నీ, దాని కింది దూలం అంచునీ కప్పుతుంది. నీళ్లు బయటే కారిపోతాయి. లోపలి ఎత్తు 7 అడుగుల 8 అంగుళాలకి పైనే కాబట్టి తల తగలదు. ఎత్తు తగ్గించడం ఇష్టం లేకపోతే 9 అడుగుల షీట్లు ఆర్డర్ చేయాలి. ఓఎస్‌బీ దారిలో కిందికి దిగే పని సైడింగ్ విడిగా చేసుకుంటుంది, ఈ ఇరకాటం అంతగా ఉండదు. ఆ పద్ధతికి ఉన్న నిజమైన లాభాల్లో ఇదొకటి.

త్రికోణం షీటు గోడ షీటు మీద కూర్చునే అడ్డ అతుకులో జెడ్ ఫ్లాషింగ్ (నీటిని బయటికి మళ్లించే, Z ఆకారంలో వంచిన రేకు) పెట్టాలి, పై షీటు రేకుని తాకకుండా 3/8 అంగుళం పైన ఆగాలి. ఆ సందుని కాక్ (సందులు పూడ్చే జిగురు ముద్ద) పూసి మూసేస్తే లోపలికి పోయిన నీటికి దారి మూసినట్టే. నిలువు అతుకుల్లో 1/8 అంగుళం సందు వదలాలి.

మేకులు

ఏ షీటుకైనా అంచుల్లో 6 అంగుళాలకొకటి, మధ్య స్టడ్ల మీద 12కొకటి. షీటుకి 60కి పైగా పడతాయి. బయట కనబడే షీటుకి హాట్-డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింక్‌లో ముంచిన) 8డీ సైజు, అంటే రెండున్నర అంగుళాల మేకులే వాడండి, మామూలువి తుప్పు మరకలు కారుస్తాయి. ట్రీటెడ్ కర్ర ప్లేటుకీ అవే, ఆ కర్రలోని రాగి మందు మామూలు ఇనుముని తినేస్తుంది. నెయిల్ గన్ ఒత్తిడి ఎక్కువై మేకు తల పైపొరని చీల్చుకుని లోపలికి దిగితే అది సగం మేకే. తల షీటు మట్టానికి ఆగాలి. టీ1-11 అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. రెండిటినీ కలిపి ఒకే మేకుతో పట్టేయొద్దు, దేని మేకులు దానికే ఉండాలి. లేకపోతే తేమకి వ్యాకోచించినప్పుడు అంచు చీలుతుంది.

తలుపు పొట్టి గోడలో పెడితే వాసాల బరువు దాని మీద పడదు, పైన పడుకోబెట్టిన ఒక్క టూ-బై-ఫోర్ సరిపోతుంది. పొడుగు గోడలో పెడితే రెండు టూ-బై-సిక్స్‌ల మధ్య అరంగుళం ప్లైవుడ్ ఇరికించి దూలం చేయాలి. మూడు కలిసి గోడ మందమైన మూడున్నర అంగుళాలే అవుతాయి.

పడుకోబెట్టి కొట్టాలా, నిలబెట్టాకా?

నేల మీదే షీట్లు కొట్టేస్తే మూలమట్టం చూడటం తేలిక. రెండు ఐమూలలూ కొలిచి, 1/8 అంగుళం లోపు తేడాతో సమానమయ్యేదాకా చట్రాన్ని తట్టి, మొదటి షీటుతో బిగించేయడమే. నిచ్చెన ఎక్కే పని ఉండదు. కానీ టీ1-11 కొట్టిన 12 అడుగుల గోడ సుమారు 300 పౌండ్లు తూగుతుంది. నలుగురు ఉంటేనే ఎత్తండి. కింద వేలాడే మూడున్నర అంగుళాలు నేల అంచుకి తగిలి విరగకుండా గోడని కాస్త బయటికి జరిపి లేపాలి. ఇద్దరే ఉంటే చట్రం ఒక్కటే నిలబెట్టి, ఐమూలగా ఒక కర్ర తాత్కాలికంగా కొట్టి, షీట్లు తర్వాత ఎక్కించండి. షీటు అడుగు కోసం నేల కింది దూలానికి ముందే ఒక చెక్క మేకులతో తగిలిస్తే షీటుని దాని మీద ఆనించొచ్చు. రెండో మనిషి బరువు మోయక్కర్లేదు, ఒరగకుండా పట్టుకుంటే చాలు. ఐమూల కర్రని మాత్రం గోడ లోపలివైపే కొట్టండి, బయటికి కొడితే షీటుకి అదే అడ్డం.