ధిక్కార అధికారం ఎన్నికల సంఘానికా, హైకోర్టుకా? స్థానిక ఎన్నికల గొడవల్లో ఏది మేలు?

పంచాయతీ ఎన్నికల సమయంలో రాష్ట్ర ఎన్నికల సంఘం ఇచ్చిన ఆదేశాన్ని ఒక అధికారి పక్కన పడేశాడనుకుందాం. ధిక్కారం కింద అతన్ని జైలుకు పంపే అధికారం సంఘానికి లేదు. హైకోర్టు తలుపు తట్టాల్సిందే. సంఘానికి కోరలు లేవని జనం విసుక్కునేది అందుకే. 2017లో కేంద్ర ఎన్నికల సంఘం కూడా తనకు ధిక్కార అధికారం కావాలని కేంద్రాన్ని అడిగింది. నా ఉద్దేశంలో ఇవ్వకూడదు, మరీ ముఖ్యంగా ఫలితం మీద వివాదం మొదలయ్యాక.

ఇచ్చిన దేశాలు ఉన్నాయి. పాకిస్తాన్‌లో 2017 ఎన్నికల చట్టం 10వ సెక్షన్ అక్కడి సంఘానికి హైకోర్టుతో సమానంగా ధిక్కార అధికారం ఇచ్చింది. 2022లో సంఘం ఇమ్రాన్ ఖాన్‌కు, ఆయన పార్టీ నేతలకు నోటీసులు పంపింది. సంఘాన్ని విమర్శించారన్నదే అభియోగం. నన్ను భయపెట్టేది ఇదే. ఓట్ల లెక్కింపు సరిగా జరగలేదని ఓడిన అభ్యర్థి గట్టిగా అన్నా నోటీసు వస్తే, ఇక ఫిర్యాదు చేసేదెవరు?

ఫిలిప్పీన్స్ అనుభవంలో మంచీ చెడూ రెండూ ఉన్నాయి. 2007 ఎన్నికల్లో మగిందనావ్ రాష్ట్ర ఎన్నికల పర్యవేక్షకుడు లింటాంగ్ బెడోల్ దగ్గరున్న ఓట్ల లెక్కల పత్రాలు మాయమయ్యాయి. దొంగతనం జరిగిందన్నాడు. సంఘం విచారణకు పిలిస్తే రాలేదు, పైగా నడుముకు పిస్టల్ పెట్టుకుని పత్రికలకు ఫొటో ఇచ్చాడు. సంఘం 6 నెలల జైలు, 1,000 పెసోల జరిమానా వేసింది. 2009లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అలాంటి వాడిని మందలించి వదిలేస్తే ఎన్నికలకు విలువే ఉండదు, ఒప్పుకుంటాను.

కానీ అదే సుప్రీంకోర్టు 1962లో, సంఘం అనుమతించిన పద్ధతికి విరుద్ధంగా బ్యాలెట్ పత్రాలున్న పెట్టెలు తెరిచాడని అక్లాన్ రాష్ట్ర కోశాధికారికి సంఘం వేసిన శిక్షను కొట్టేసింది. బ్యాలెట్లు పంచడం పాలనా పని, ధిక్కారానికి శిక్షించడం న్యాయస్థానం పని, రెండూ కలపొద్దంది. బెడోల్ కేసులో శిక్ష నిలబడడానికి కారణం, ఆ సంఘానికి ఎన్నికల వివాదాలను విచారించి తీర్పు చెప్పే అధికారం కూడా రాజ్యాంగం ఇవ్వడం.

మన దగ్గర అలా లేదు. మన రాజ్యాంగంలోని 243కె అధికరణ పంచాయతీ ఎన్నికల నిర్వహణను రాష్ట్ర సంఘానికి అప్పగించింది. ఫలితాన్ని ప్రశ్నించాలంటే 243ఓ ప్రకారం ఎన్నికల పిటిషన్ వేయాలి, దాన్ని ట్రైబ్యునల్ వింటుంది. గొడవ జరిగిన బూత్‌లో కూర్చున్నది సంఘం నియమించిన మనుషులే. తన మనుషుల మీద ఆరోపణ వచ్చిన కేసులో సంఘం ఎదుటివాడికి శిక్ష వేయడం ఏం న్యాయం?

ఇక హైకోర్టు దారి. రాష్ట్ర ప్రభుత్వం సహకరించకపోతే రాష్ట్ర సంఘం ముందు హైకోర్టుకు, తర్వాత అవసరమైతే సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చని కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లోనే సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ దారి పనిచేస్తుందని ఆంధ్రప్రదేశ్‌లో చూశాం. 2020లో రాష్ట్ర ప్రభుత్వం ఎన్నికల కమిషనర్ పదవీకాలాన్ని ఆర్డినెన్స్‌తో తగ్గించి నిమ్మగడ్డ రమేశ్ కుమార్‌ను తప్పించింది. హైకోర్టు మే 29న దాన్ని కొట్టేసినా వెంటనే అమలు కాలేదు. ఆయన ధిక్కార పిటిషన్ వేశాక, సుప్రీంకోర్టు కూడా ఆ విచారణను ఆపడానికి ఒప్పుకోకపోయాక, ఆగస్టు మొదట్లో మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. రెండు నెలలు పట్టింది. అది తక్కువేం కాదు, ఎన్నికల నడిమధ్యలో అయితే మరీ ఎక్కువ. 1971 కోర్టు ధిక్కార చట్టం ప్రకారం శిక్ష కూడా గరిష్ఠంగా 6 నెలల సాధారణ జైలు, లేదా 2,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. అయినా అక్కడ ఎదుటి పక్షం వాదన వింటారు, అప్పీలు ఉంటుంది.

అసలు ధిక్కారంతో ఫలితం మారదన్న సంగతి చాలామంది మర్చిపోతారు. 2024 జనవరి 30న చండీగఢ్ మేయర్ ఎన్నికలో ప్రిసైడింగ్ అధికారి 8 ఓట్లు చెల్లవన్నాడు. ఆ బ్యాలెట్ల మీద ఆయనే గీతలు గీయడం కెమెరాలో పడింది. సుప్రీంకోర్టు బ్యాలెట్లు తెప్పించుకుని చూసి, ఫిబ్రవరి 20న ఆ ఓట్లు లెక్కలోకి తీసుకుని, అంతకుముందు ఓడినట్టు చెప్పిన అభ్యర్థి కుల్దీప్ కుమార్‌ను మేయర్‌గా ప్రకటించింది. గెలిచినవాడికి పదవి దక్కింది కాగితాలు భద్రంగా ఉండడం వల్ల, కోర్టు వేగంగా కదలడం వల్ల. అధికారి కోర్టుకు తప్పుడు మాట చెప్పినందుకు విచారణ విడిగా నడిచింది.

సర్పంచ్ ఎన్నికలో కొద్ది ఓట్లతో ఓడినవాడికి సుప్రీంకోర్టు ఎక్కడ అందుతుంది? ట్రైబ్యునల్‌లో వాయిదాల మీద వాయిదాలు పడి అయిదేళ్ల పదవీకాలం కరిగిపోతుంటుంది. కాబట్టి నేనడిగేది సంఘానికి జైలు తాళాలు కాదు. లెక్కింపు కేంద్రంలో చివరిదాకా కెమెరా ఉండాలి, కేసు తేలేదాకా బ్యాలెట్ సంచుల సీలు విప్పకూడదు, పిటిషన్‌ను ట్రైబ్యునల్ ఆరు నెలల్లో తేల్చాలి, సంఘం ఫిర్యాదు చేస్తే హైకోర్టు వారంలోపు వినాలి. సంఘానికి ఇవ్వదగ్గ అధికారం ఒకటుంది: మాట వినని అధికారిని పోలింగ్ ముగిసేదాకా ఆ విధుల నుంచి అప్పటికప్పుడు తప్పించి, మరొకరిని పెట్టుకోవడం.