వరంగల్ షాపుల్లో దొరికే దేశీ వైన్లు: ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ షాపుల్లో దొరికే మన దేశపు ద్రాక్ష వైన్లను కొన్నేళ్లుగా కొని తాగుతున్నాను. 750 మిల్లీలీటర్ల సీసాకు రూ.1500 దాటకూడదన్నది నేను పెట్టుకున్న హద్దు. అందులోనూ ఎక్కువగా తెచ్చుకునేవి వెయ్యికి అటూ ఇటూగా ఉండేవే. ఈ ధరలో మంచివి దొరుకుతాయా అని అడిగేవాళ్లకు దొరుకుతాయనే చెబుతాను, అదీ గట్టిగా. మన ఎండకూ మన కారానికీ బాగా కుదిరేది చల్లగా తాగే షెనిన్ బ్లాంక్ అనే వైట్ వైన్. మిగతావన్నీ దాని తర్వాతే. అయితే రకాల కంటే ముందు సీసా సంగతి మాట్లాడుకోవాలి. ఇక్కడ చాలామంది మొదటి సీసాతోనే వైన్‌కు దండం పెట్టేస్తారు. వాళ్లు తాగింది చాలాసార్లు ఎండకు చెడిన సరుకు.

మన దగ్గర షాపులు నడిచేది విస్కీ మీద, బీరు మీద. బీరు ఫ్రిజ్‌లోకి పోతుంది. విస్కీకి వేడితో పెద్దగా ఇబ్బంది లేదు. వైన్ సీసాలు మాత్రం పై అరలో, ట్యూబ్‌లైట్ పక్కన, దుమ్ము పట్టి నిలబడి ఉంటాయి. "గా పైన ఉన్నయ్ సూడన్నా, అయి ఎవలు అడుగుతరు" అంటూ స్టూలు ఎక్కి తీసిస్తాడు షాపు పిలగాడు. మే నెలలో ఇక్కడ బయటే 44 డిగ్రీలు. వైన్ హాయిగా ఉండేది 12 నుంచి 15 డిగ్రీల మధ్య. 30 దాటిన చోట వారాల తరబడి నిలబెడితే పండు వాసన పోయి ఉడికిన ద్రాక్ష వాసన మిగులుతుంది. ఒక జూన్‌లో ఒక షాపులో తెచ్చిన వైట్ వైన్ గ్లాసులో పోయగానే తేడా కనిపించింది. లేత గడ్డి రంగులో ఉండాల్సింది ముదురు పసుపులో ఉంది, వాసన బెల్లం పాకంలా ఉంది. అదే పేరు, అదే ఏడాది పంట సీసాను చలికాలంలో ఇంకోచోట కొంటే జామకాయ వాసన గుప్పుమని కొట్టింది.

ఎమ్మార్పీ రాష్ట్రమంతా ఒకటే. చెడ్డ సీసాకూ మంచి సీసాకూ మనం కట్టే డబ్బు సమానం. అలాంటప్పుడు ఏసీ ఉన్న షాపుకు, సరుకు తొందరగా కదిలే షాపుకు ఇంకో రెండు కిలోమీటర్లు పోవడమే లాభం. సీసా చేతిలోకి రాగానే మెడ దగ్గర వేలితో తడిమి చూడండి. జిగటగా తగిలితే లోపలి వైన్ వేడికి పొంగి బయటికి కారిందన్నమాట. కార్క్ ఉన్న సీసా అయితే మూత రేకు పైకి ఉబ్బి ఉందేమో చూడాలి. వైన్ మట్టం మెడ నుంచి బాగా కిందికి దిగితే పక్కన పెట్టేయాలి. మన ఊళ్లో మర తిప్పే మూత ఉన్నవి తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. కార్క్ సీసాను పడుకోబెట్టి ఉంచితేనే కార్క్ తడిగా ఉంటుంది. ఇక్కడ ఎవరూ పడుకోబెట్టరు, నెలల తరబడి నిలబడ్డ కార్క్ ఎండి గాలిని లోపలికి వదులుతుంది.

తర్వాత చూడాల్సింది తేదీ. వైన్ ఎంత పాతదైతే అంత మంచిదన్న నమ్మకం మనవాళ్లలో గట్టిగా ఉంది. దాచి పెంచడానికి చేసిన కొన్ని ఖరీదైన రెడ్ వైన్ల విషయంలో అది నిజం. వెయ్యి రూపాయల వైట్ వైన్‌ను కొత్తగా ఉన్నప్పుడే తాగాలి. పొద్దున దించిన ఈతకల్లుకూ పొద్దుగూకేసరికి పులిసిపోయిన కల్లుకూ తేడా తెలిసిన మనకు ఇది ఎవరూ నేర్పనక్కర్లేదు. పంట ఏడాది నుంచి రెండేళ్లు దాటిన వైట్‌ను నేను ముట్టుకోను. నాసిక్‌లో వానలు వెనక్కి తగ్గాక, సెప్టెంబర్, అక్టోబర్ ప్రాంతంలో తీగలు కత్తిరిస్తారు. కోత జనవరి నుంచి మార్చి వరకు. ఆ చలి రాత్రుల వల్లే కాయలో పులుపు నిలుస్తుంది. కోసిన కొద్ది నెలలకే వైట్ వైన్లు సీసాల్లోకి వస్తాయి. కాబట్టి నేను దసరా నుంచి శివరాత్రి మధ్యలోనే ఎక్కువగా కొంటాను. అప్పటికి కొత్త పంట వచ్చి ఉంటుంది, దారిలో ఎండ దెబ్బా తగలదు.

ఇక షెనిన్ బ్లాంక్. నేను మళ్లీ మళ్లీ కొనేది సులా వాళ్లది. నాసిక్‌లో రాజీవ్ సామంత్ మొదలుపెట్టిన ఈ కంపెనీ 2000లో తొలి వైన్లు తెచ్చినప్పుడు వాటిలో ఇదీ ఉంది. ద్రాక్షలోని చక్కెర మొత్తం సారాయంగా, అంటే ఆల్కహాల్‌గా, మారకముందే పులియడాన్ని ఆపి, కాస్త తీపి మిగిలిస్తారు. ఆ తీపే మన తిండి దగ్గర పనికొస్తుంది. కారంతో నోరు మండుతున్నప్పుడు సారాయం మంటను ఇంకా పెంచుతుంది, తీపి తగ్గిస్తుంది. ఫ్రిజ్‌లో మూడు గంటలు పెట్టి తీసిన సీసా మూత తిప్పితే ముందు అనాసపండు, తర్వాత బాగా పండిన జామ. నోట్లో మొదట తీపి తగులుతుంది, గొంతు దిగేలోపు పులుపు వచ్చి దాన్ని తుడిచేస్తుంది. సకినాలతో తాగి చూడండి. నువ్వులు, వాము, నూనెలో వేగిన బియ్యప్పిండి, మధ్యలో ఈ చల్లటి పులుపు. నాకు తెలిసి దీనికి సాటి వచ్చే జోడీ మన వంటల్లో ఇంకొకటి లేదు. సర్వపిండితో బాగుంటుంది, వానాకాలంలో మక్క గారెలతో బాగుంటుంది. అంకాపూర్ పద్ధతిలో వండిన నాటుకోడి కూర ముందు కూడా నిలబడుతుంది.

ఇది నా ఒక్కడి నాలుక మాట కాకూడదని సంక్రాంతి పండక్కి ఇంటికి వచ్చినవాళ్లతో పరీక్ష పెట్టాను. నాలుగు సీసాలకు పాత పేపర్ చుట్టి, పేర్లు కనపడకుండా గ్లాసుల్లో పోశాను. బామ్మర్దికి విస్కీ అలవాటు. రెడ్ వైన్ రుచి చూసి "వగరు ఎక్కువుంది బావా" అని పక్కన పెట్టి, షెనిన్ గ్లాసు మాత్రం ఖాళీ చేసి మళ్లీ చాపాడు. మా వదిన అంతకుముందెప్పుడూ వైన్ తాగలేదు. వాసన చూసి, కొంచెం చప్పరించి, ఒక సకినం కొరికి మళ్లీ చప్పరించింది. "ఉత్తగ తాగితే పుల్లగుంది, దీనితోని మంచిగుంది" అంది. వైన్ రుచి గురించి అంతకంటే సరైన మాట నేను వినలేదు. పేపర్లు విప్పాక చూస్తే ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఎంచుకున్నది షెనినే.

సావిన్యాన్ బ్లాంక్ కూడా వైట్ వైనే. అందరికీ నచ్చదు, నాకు మాత్రం చాలా ఇష్టం. పచ్చి క్యాప్సికం, కోసిన గడ్డి వాసన వస్తుంది. తీపి ఉండదు, పులుపు ఎక్కువ. చింతపండు పులుపు ముందు పులుపు తక్కువ ఉన్న వైన్ చప్పబడిపోతుంది, ఇది చప్పబడదు. కొర్రమీను పులుసు వండిన రోజు మా ఇంట్లో దీన్నే తెరుస్తాం. సులాలోనూ ఉంది, బెంగళూరు పక్క నంది హిల్స్‌లో చేసే గ్రోవర్ జంపాలోనూ ఉంది. రెండింట్లో ఆ రోజు షాపులో ఏది కొత్తగా ఉంటే అది తీసుకుంటాను. పచ్చిపులుసు ముందు మాత్రం ఏ వైనూ ఆగలేదు. పచ్చి ఉల్లిగడ్డ, పచ్చి మిరపకాయ కలిసి అన్నిటినీ మింగేస్తాయి.

రెడ్ వైన్ల దగ్గరే మన ఊరి సంగతి ఎక్కువగా మాట్లాడాలి. రెడ్‌లో ఉండే వగరు, ద్రాక్ష తొక్క నుంచి, గింజ నుంచి వస్తుంది. తేజ మిరపకాయ కారంతో వండిన మటన్‌తో షిరాజ్ అనే రెడ్ వైన్ తాగితే వగరు, మంట, సారాయం మూడూ కలిసి నోరంతా గరుకెక్కుతుంది, వైన్ రుచి అసలు తెలియదు. మన దగ్గరే దీనికి విరుగుడు ఉంది. వరంగల్, ములుగు, భూపాలపల్లి వైపు పండే చపాటా మిర్చి. టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన కాయ ఇది. ముదురు ఎరుపు రంగు ఇస్తుంది, కారం తక్కువ. ఎనుమాముల మార్కెట్ వైపు పోయినప్పుడు తెచ్చిన చపాటా కాయలు ఎండబెట్టి, పట్టించి, ఆ కారంతో మటన్ వండాం. ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు, బాగా వేగిన ఉల్లిగడ్డ. కూర రంగు చూస్తే భయమేస్తుంది, నోట్లో మాత్రం మాంసం రుచి ముందు తగులుతుంది. అప్పుడు షిరాజ్‌లోని మిరియం వాసన, నల్ల రేగుపండు లాంటి రుచి రెండూ విడివిడిగా తెలిశాయి. బగారా అన్నంలోని లవంగం, చెక్కతో అది ఇంకా బాగా కలిసిపోయింది.

రెడ్‌లలో నాకు మొదట నచ్చేది ఫ్రాటెల్లీ కంపెనీ వాళ్ల సాంజొవేసే. సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర, మన దక్కన్ నేల మీదే పండించే ఇటలీ రకం ద్రాక్ష అది. మరీ చిక్కగా ఉండదు, పులుపు చురుగ్గా ఉంటుంది, టమాటా వేసిన కోడికూరకు సరిపోతుంది. దాని తర్వాత సులా షిరాజ్ కాబర్నే. ఇది కాస్త మెత్తన, కొత్తవాళ్లకు తేలిక. అదే కంపెనీ దిండోరి రిజర్వ్ షిరాజ్ ఇంకో మెట్టు పైన ఉంటుంది, ధర కూడా పైనే. దాన్ని పెద్ద దావత్‌లకు మాత్రమే తెస్తాను.

రెడ్ వైన్‌ను రూమ్ టెంపరేచర్‌లో తాగాలని అంటుంటారు. ఆ రూమ్ చలిదేశపు రూమ్, 16 నుంచి 18 డిగ్రీలు. ఏప్రిల్‌లో కాజీపేటలో మన హాలు 35. అంత వెచ్చటి రెడ్‌లో సారాయం ఘాటు తప్ప ఏమీ తెలియదు. తాగే ముందు అరగంట, ఎండాకాలమైతే ముప్పావు గంట ఫ్రిజ్‌లో పెట్టి తీయండి. అకస్మాత్తుగా చుట్టాలు దిగితే బకెట్‌లో ఐస్, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసా ముంచితే వైట్ కూడా ఇరవై నిమిషాల్లో చల్లబడుతుంది. స్టీలు గ్లాసులో మాత్రం పోయకండి, వాసన సరిగ్గా తెలియదు. పెదవి దగ్గర కొంచెం సన్నబడే మామూలు గాజు గ్లాసు చాలు, సగం కంటే తక్కువ పోయాలి.

గులాబీ రంగులో ఉండే రోజే వైన్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. సులా జిన్‌ఫాండెల్ రోజే చల్లగా ఉంటే మిర్చి బజ్జీలతో సాయంత్రం గడుస్తుంది. తియ్యటి పోర్ట్ రకాలు చాలా చౌక, షాపు పిలగాళ్లు ముందు చూపించేవి అవే. చాలామందికి నచ్చుతాయి కూడా. నాకు మాత్రం రెండో గుటకకే తీపి మొహం మొత్తుతుంది, భోజనంతో అసలు కుదరదు.

మహారాష్ట్రలో చౌకగా ఉంటుంది, అటు పోయినప్పుడు కార్లో పెట్టెలు తెచ్చుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. అది ఇక్కడ పన్ను కట్టని సరుకు, దాన్నే ఎన్‌డీపీఎల్ అంటారు, కేసు పెడతారు. ఇక్కడే కొనండి. గుండెకు మంచిదని మందులా మొదలుపెట్టేవాళ్లకూ ఒక మాట. ఎంత తక్కువ తాగినా అది ఆరోగ్యానికి సురక్షితమని చెప్పలేమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. వైన్‌లో 12, 13 శాతం ఆల్కహాల్ ఉంటుంది. నేను తాగేది రుచి కోసం, భోజనంతో, ఒక గ్లాసు, పండగైతే రెండు. తాగని రోజులే ఎక్కువ. షుగరో, లివర్ ఇబ్బందో ఉన్నవాళ్లు దీని జోలికి పోవద్దు.

సీసా తెరిచాక మిగిలినదాన్ని మూత బిగించి ఫ్రిజ్‌లోనే పెట్టాలి, రెడ్ అయినా సరే. వైట్ మూడు రోజులు బాగుంటుంది, నాలుగో రోజుకు వాసన సన్నగిల్లుతుంది. అందుకే ఇద్దరే ఉన్న ఇంటికి 375 మిల్లీలీటర్ల సగం సీసా సరైన కొలత. అది మన దగ్గర దొరకడం కష్టంగా ఉంది. షాపు ఓనర్ మద్యం డిపోకు ఇండెంట్, అంటే ఆర్డర్, పెడితేనే ఏ సరుకైనా వస్తుంది, అడిగేవాళ్లు లేకపోతే ఆయన పెట్టడు. నేను మామూలుగా కొనే షాపులో ప్రతిసారీ అడుగుతున్నాను, ఈమధ్య షెనిన్ సగం సీసాలు కొన్ని తెప్పించాడు. మీరూ మీ షాపులో అడగండి. తెప్పిస్తే వాటిని బీరు ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టమనండి.