మనస్లు యాత్ర: గాలి లెక్క కుదిరింది, దారి లెక్క తప్పింది

నేపాల్‌లోని 8,163 మీటర్ల మనస్లు శిఖరానికి శరదృతువులో నన్ను తీసుకువెళ్లిన యాత్రా సంస్థ, వాతావరణాన్నీ దారినీ ఎలా సంభాళించిందన్నదే ఈ సమీక్షలోని విషయం. గుడారాలూ భోజనమూ బాగానే ఉన్నాయి కనుక వాటి ప్రస్తావన ఇంతటితో చాలు.

ఈ కొండ మీద శరత్కాలపు యాత్ర రెండు ఇబ్బందుల నడుమ సాగుతుంది. సెప్టెంబరులో రుతుపవనాలు పూర్తిగా వెనుదిరగకముందే పైకి వెళితే వాలుల మీద కొత్త మంచు పేరుకుని ఉంటుంది. అక్టోబరు ముదిరేదాకా ఆగితే జెట్ ప్రవాహం (చాలా ఎత్తున వేగంగా వీచే గాలుల పట్టీ) దక్షిణానికి దిగి, శిఖరం దగ్గర మనిషిని నిలబడనివ్వని గాలి మొదలవుతుంది. ఈ మధ్యలో దొరికే కొద్ది రోజుల తెరిపిని పట్టుకోవడమే నిర్వాహకుల అసలు పని, మనం డబ్బు కట్టేదీ చాలావరకు అందుకే.

ఆ పనిలో మా బృంద నాయకుడికి వంక పెట్టలేను. సుమారు 4,800 మీటర్ల ఎత్తున ఉన్న బేస్ క్యాంపులో మేము ఉండగా నాలుగు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు కురిసి, ఐదో రోజు ఆకాశం తేటపడింది. శిఖరం దగ్గర గాలి వేగం గంటకు 20 కిలోమీటర్లు మించదని సూచన రాగానే, నాతో సహా అందరమూ బయలుదేరదామని పట్టుబట్టాము. ఆయన ఒప్పుకోలేదు. సూచనలను లెక్కగట్టే యూరప్ కంప్యూటర్ నమూనా నేలను గడులుగా విడదీసి చూస్తుందనీ, ఒక్కో గడి సుమారు 9 కిలోమీటర్లు ఉంటుందనీ, అంత పెద్ద గడిలో కొండ అరగదీసినట్టు నున్నబడిపోతుందనీ, గాలి అంకెను కొంత నమ్మవచ్చు గానీ ఫలానా వాలు మీద ఎంత మంచు నిలిచిందో ఆ సూచన చెప్పలేదనీ ఓపికగా వివరించారు.

తరువాత మమ్మల్ని మొదటి శిబిరం దారిలోని ఒక వాలు దగ్గరికి తీసుకువెళ్లి, పారతో నడుము లోతు గొయ్యి తవ్వి, దాని గోడను చేతితో నొక్కి చూడమన్నారు. పైపొరలోకి నాలుగు వేళ్లు కష్టం మీద దిగాయి. దాని కిందనే ఉన్న పొరలోకి గ్లవ్ తొడిగిన పిడికిలి పిండిలోకి దిగినట్టు మొత్తం దిగిపోయింది. గట్టి పొర మెత్తని పొర మీద కూర్చున్నప్పుడు, మనిషి బరువుకే ఆ పైపొర పలకలా ఊడి జారవచ్చు. 2012 సెప్టెంబరు 23 తెల్లవారుజామున ఇదే కొండ మీద మంచుచరియలు మూడో శిబిరాన్ని ముంచెత్తి 11 మందిని పొట్టన పెట్టుకున్న సంగతి మాలో ఎవరికీ గుర్తుచేయవలసిన అవసరం లేకపోయింది. మరో మూడు రోజులు నోరు మూసుకుని ఆగాము. ముందే వెళ్లిన వేరొక బృందం రెండో శిబిరం దాటలేక తిరిగివచ్చింది.

దారి విషయంలో మాత్రం ఈ సంస్థను మెచ్చుకోలేను. మొదటి, రెండో శిబిరాల మధ్య దారి, పగిలిన హిమానీనదం మీదుగా, వేలాడుతున్న మంచు దిమ్మెల కిందుగా వెళుతుంది. ఎండ తగలకముందే దాన్ని దాటాలని బయలుదేరే ముందు వాళ్లే నొక్కి చెప్పారు. తీరా ఆ రోజు ఆక్సిజన్ సిలిండర్ల పంపకం తెమలక, తెల్లవారుజామున నాలుగింటికి కదలవలసిన మేము ఎనిమిదింటికి కదిలాము. ఒక పగులు మీద రెండు నిచ్చెనలను తాళ్లతో కలిపి కట్టిన చోట, క్రాంపాన్ (మంచు మీద జారకుండా బూటు కింద కట్టుకునే ఇనుప చట్రం) పళ్లు మెట్టుకు అటొకటి ఇటొకటి పడేలా చూసుకుంటూ నేను సగం దాటానో లేదో, పైనుంచి బియ్యపు మూట అంత మంచుముక్క ఒకటి పక్కనే పడి పగులులోకి జారిపోయింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ దీన్ని వాతావరణం మీదికి నెట్టడం కుదరదు, ఇది పనివేళల్లో అలసత్వం.

రద్దీకి కూడా వారి దగ్గర జవాబు లేదు. దాదాపు అన్ని బృందాలూ ఒకే రకం సూచనలు చూసి, ఒకే రోజు ఎంచుకుని, షెర్పాలు అందరి కోసం కట్టిన ఒకే తాడుకు జుమార్లు (తాడు మీద పైకే జరిగి, కిందికి జారకుండా పట్టుకునే పరికరాలు) తగిలిస్తాయి; నాలుగో శిబిరం పైన ముందువాళ్లు కదిలేదాకా కాలివేళ్లు ఆడిస్తూ నిలబడడంలోనే గంటన్నర పోయింది.

ఆ గంటన్నరే చివరికి లెక్కకు వచ్చింది. మేము శిఖరం కన్నా ముందు వచ్చే దిబ్బను చేరేసరికి గాలి సూచించిన దానికన్నా బాగా పెరిగింది, సన్నని అంచు మీదుగా అసలు శిఖరానికి వెళ్లే మిగతా భాగం వద్దని నాయకుడు వెనక్కి తిప్పారు. ఆ నిర్ణయం సరైనదే. 2021లో కొందరు అసలు శిఖరం దాకా వెళ్లడమూ, డ్రోన్ చిత్రాల్లో తేడా స్పష్టంగా కనబడడమూ జరిగాక, 2022 నుంచి, నేపాల్ శిఖరారోహణల లెక్కలు నమోదు చేసే హిమాలయన్ డేటాబేస్ ఆ దిబ్బ దగ్గర ఆగినవారిని శిఖరం ఎక్కినవారిగా లెక్కించడం లేదు. ఈ సంగతి నిర్వాహకులకు తెలియనిది కాదు, అయినా నా ఫోటో పెట్టి శిఖరారోహణ పూర్తయిందని ప్రకటించారు. రెండుసార్లు రాస్తే గానీ తీయలేదు.